వీపు పాఠం

పార్వతీపురం అవతలి కొండ మీద నుంచి,
7 జూలై 2024

పెదనాన్నా, నమస్కారం.

నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నాకూ ఇక్కడ ఫోను లేనట్టే. ఈ జంతు సంరక్షణ కేంద్రంలోకి వచ్చేముందు గేటు దగ్గర అప్పగించాలి. అప్పగించకపోయినా ఈ కొండ మీద సిగ్నల్ అందదు. శనివారం శనివారం కూరలకి కిందికి దిగే నరసింగరావు గారు ఈ కవరు పోస్టు డబ్బాలో వేస్తారు.

నేను చేస్తున్న పని గురించి నాన్న చెప్పే ఉంటాడు, నువ్వు నవ్వే ఉంటావు. ఇక్కడ బంగారి అని ఒక ఆడ చింపాంజీ ఉంది. చిన్నప్పుడు ఏదో సర్కస్‌లో ఉండేదట, ట్రస్టు వాళ్ళు విడిపించి తెచ్చారు. మాట్లాడలేని మనుషులు వాడే చేతి సైగలు రెండేళ్ళుగా దానికి నేర్పుతున్నారు. ఈ ఎనిమిది నెలలుగా నేర్పేది నేను. నా పీహెచ్‌డీ అంతా దాని చేతుల మీదే ఉంది. మన మాట పలకడానికి దాని గొంతు లొంగదు, చెయ్యి మాత్రం చక్కగా లొంగుతుంది. ఇప్పటికి ఇరవయ్యారు సైగలు వచ్చాయి. వస్తువు చూపించి ఇదేమిటి అని నలభైసార్లు అడిగితే ముప్పై నాలుగుసార్లు సరిగ్గా చెబుతోంది.

అది సరే, మొన్నటి సంగతి విను. కింది ఊరివాళ్ళు పనసపండు తెచ్చారు. పనసకి నేను సైగ నేర్పలేదు. బంగారి దాన్ని తడిమి చూసి, నా వైపు తిరిగి "దువ్వెన" అంది, తర్వాత "పండు" అంది. దువ్వెన పండు! నాకు ఒళ్ళు ఝల్లుమంది పెదనాన్నా. అది మాట కాకపోతే మరేమిటి?

పెద్దమ్మ ఎలా ఉంది? మే మూడో తారీకున పక్షవాతం వచ్చి మాట పడిపోయిన దగ్గర్నుంచి నేను రోజులు లెక్కపెడుతూనే ఉన్నాను. మాట తిరిగి రావాలంటే మొదటి ఆరు నెలలే విలువైనవని శ్రీకాకుళం డాక్టరు నా ముందే అన్నాడు. విశాఖపట్నంలో మాట నేర్పే డాక్టరమ్మకి చీటీ కూడా రాసిచ్చాడు. రెండు నెలలు అయిపోయాయి. ఎప్పుడు తీసుకెళుతున్నావు?

నువ్వు ఇప్పటికీ కంచం ముందు కూర్చుని తాళం వేస్తున్నావా? అన్నం వడ్డించేలోపు నీ చెయ్యి బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి పడుతూనే ఉండేది. పెద్దమ్మ నీ మణికట్టు పట్టుకుని ఆపేది. ఇప్పుడెవరు ఆపుతున్నారు?

నీ తన్మయి


శ్రీకూర్మం,
18 జూలై 2024

చిరంజీవి తన్మయిని ఆశీర్వదించి పెదనాన్న వేంకటాచలం రాసేది.

ఉత్తరం అందింది. కోతికి మాటలు వచ్చాయన్న శుభవార్త విని సంతోషించాను. మనుషులకి వచ్చిన మాటలతో ఇప్పటిదాకా ఎంత మేలు జరిగిందో చూస్తూనే ఉన్నాం, ఇక వాటికీ కానియ్యి.

నాకొక్క అనుమానం తీర్చు. అది సైగ చేసినప్పుడు చదివేదెవరు? నువ్వు. వస్తువు చూపించేదెవరు? నువ్వు. జవాబు ముందే తెలిసినదెవరు? అదీ నువ్వే. మన వీధికి గంగిరెద్దులవాడు వచ్చేవాడు గుర్తుందా? "మేష్టారు గారికి మంచి జరుగుతుందా?" అంటే ఎద్దు తల ఊపేది. నాకు మంచి జరుగుతుందని ఎద్దుకి తెలిసి కాదు, వాడి చేతిలో తాడు ఉండబట్టి. నీ చేతిలో తాడు లేదని నువ్వంటావు. కనపడని తాళ్ళు ఉంటాయమ్మా. దువ్వెన పండట! దానికి దురదేసి దువ్వమని అడిగింది, తినడానికి పండు అడిగింది. రెండిటినీ కలిపి ముడేసింది నువ్వు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టుంది నీ పరిశోధన.

మన ఇంట్లో వీపు పాఠం ఎందుకు పెట్టారో మరిచిపోయావా? ఫిడేలు మీద వర్ణం వచ్చేసిందని శిష్యుడు అన్నాడంటే మా నాన్నగారు గోడకేసి తిరిగి కూర్చునేవారు. తాళం వేసే చెయ్యి కనపడకుండా చేతులు రెండూ తువ్వాలు కింద దాచుకునేవారు. అప్పుడు వాయించాలి. నేనూ నలభయ్యేళ్ళు అదే పద్ధతిలో ఫిడేలు చెప్పాను. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ వచ్చి నేర్చుకున్న ధనరాజ్ ఉండేవాడు. ఆదితాళంలో వర్ణం గుక్క తిప్పుకోకుండా వాయించేవాడు. నేను వీపు తిప్పానో లేదో రెండో ఆవర్తంలోనే గోతిలో పడ్డాడు. ఆర్నెల్లుగా వాడు వాయించింది వర్ణం కాదు, నా చెయ్యి. మీ పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, "పాపం, మీ వీపు మీద తాళం వెతుక్కున్నాడండీ" అంది. నీ బంగారికి వీపు పాఠం పెట్టు. తర్వాత రాయి.

ఇక మీ పెద్దమ్మ. ఫోను మోగితే తనూ మాట్లాడాలని నోరు తెరుస్తుంది. రాక ఏడుస్తుంది. అందుకే ఫోను కట్టేశాను. అంతేగాని నీ మీద కోపం లేదు.

నేనూ తనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. తల ఊపితే అవునో కాదో తెలియడం లేదు. ఎడమచెయ్యి కొంచెం ఆడుతోంది. ఆ చెయ్యి నా అరచేతిలో పెట్టుకుని ప్రశ్న అడుగుతాను. ఒక తట్టు తడితే అవును, రెండు తడితే కాదు. విశాఖపట్నం వెళదామా అని అడిగాను. రెండు తట్టింది. మర్నాడు మళ్ళీ అడిగాను. రెండే. నలభయ్యేళ్ళు పిల్లలకి సరిగమలు చెప్పిన మనిషి, ఎవరో అమ్మాయి ముందు కూర్చుని అ ఆ లు దిద్దుకోవాలంటే సిగ్గు కాదూ? తన ఇష్టం లేకుండా మోసుకెళ్ళడానికి ఆమె మూట కాదు.

ఆశీస్సులతో,
వేంకటాచలం


కొండ మీద నుంచి,
29 జూలై 2024

పెదనాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కోపం వచ్చింది. ఎనిమిది నెలల నా కష్టాన్ని గంగిరెద్దుతో పోల్చి పారేశావు. బంగారి నేను అడగకుండానే సైగలు చేస్తుంది తెలుసా? పొద్దున్నే నన్ను చూడగానే "రా" అంటుంది, "ఇయ్యి" అంటుంది.

నిజం చెప్పాలంటే నీ ఉత్తరం రాకముందే ఇక్కడొకరు నీ మాటే అన్నారు. నరసింగరావు గారిది గరివిడి. ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి, అది మానేసి ఇక్కడ బంగారికి అన్నం పెట్టే పనిలో చేరారు. ఆమధ్య నా పక్కన నిలబడి, "అమ్మా, నువ్వు ఏటనుకుంతన్నావో అది నీ మొకం సూసి సేస్తన్నాది. అరటిపండు సూపిత్తే నీ పెదాలు ముందే కదులుతన్నాయి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తను నేర్పలేనిది నేను నేర్పుతున్నానని ఓర్వలేక అంటున్నారేమో అనుకున్నాను. నేను లేనప్పుడు దొంగతనంగా పండ్లు పెట్టి దాని పాఠం చెడగొడుతున్నారని కూడా నాకు అనుమానం. బోను తాళం చెవి ఇప్పుడు నా దగ్గరే పెట్టుకుంటున్నాను.

వీపు పాఠం ఆలోచిస్తాను. భయపడి కాదు.

నువ్వు నన్ను అడిగినట్టే నేనూ ఒకటి అడగనా? పెద్దమ్మ రెండు తట్టిందన్నావు. అడిగింది ఎవరు? లెక్కపెట్టింది ఎవరు? ఆ చెయ్యి ఎవరి చేతిలో ఉంది? మూడో నెల నడుస్తోంది పెదనాన్నా. అందుకని అడుగుతున్నాను.

పెద్దమ్మకి నా ఉత్తరం చదివి వినిపించు. బంగారి సంగతులు చెబితే నవ్వుతుందేమో.

తన్మయి


శ్రీకూర్మం,
9 ఆగస్టు 2024

తన్మయికి,

నువ్వు అడిగినదానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. రాయకపోతే నీదే నిజమనుకుంటావని రాస్తున్నాను.

నీకు మీ పెద్దమ్మా, బోనులో ఉన్న ఆ జంతువూ ఒకటేనా? పండు కోసం చెయ్యి ఆడించే దానికి పెట్టే పరీక్ష, ముప్పై ఎనిమిదేళ్ళు నాతో కాపురం చేసిన మనిషికి పెట్టమంటావా? ఆమె గొంతు సవరించుకుంటే ఏ రాగం ఎత్తుకోబోతోందో నాకు తెలిసేది. ఆమె చెయ్యి ఏమంటోందో నాకు తెలియదా?

ఇంకొకటి. సరిగ్గా నీ ఉత్తరం వచ్చిన వారంలోనే అసిరమ్మ కూడా ఇదే కూత కూసింది. మీ పెద్దమ్మకి స్నానం చేయించడానికి పెట్టుకున్నాం ఆమెను. "అమ్మ ఒద్దన్నాదని నువ్వే సెప్తన్నావు అయ్యగోరూ, నాకైతే అలా అగుపడ్డం నేదు" అంది. మీరిద్దరూ కూడబలుక్కున్నారని నాకు అర్థం కాదనుకోకు. ఆ కొండ మీద ఫోను లేదన్నావు. అసిరమ్మకి కబుర్లు ఏ దారిన వెళుతున్నాయో మరి.

మీ పెద్దమ్మ మారిపోయింది. అది నీకు తెలియాలి. ఏనాడూ నా మాటకి కాదనని మనిషి, ఇప్పుడు ప్రతిదానికీ కాదనే అంటోంది. ఫోను మళ్ళీ పెట్టించనా అన్నాను. కాదంది. పాటలు పెట్టనా అన్నాను. కాదంది. చక్రాల కుర్చీలో గుడి దాకా తీసుకెళ్ళనా, తాబేళ్ళని చూద్దువుగాని అన్నాను. దానికీ కాదే. ఇన్నాళ్ళ కసి ఇప్పుడు తీర్చుకుంటోందేమో అని కూడా అనిపిస్తోంది. నీ ఉత్తరం చదవనా అని అడిగాను. రెండు తట్టింది. కాబట్టి చదవలేదు.

ఇక రాయకు.

వేంకటాచలం


కొండ మీద నుంచి,
31 ఆగస్టు 2024

పెదనాన్నా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను, తిట్టుకో.

నా ఉత్తరం వద్దందని చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నా చిన్నప్పుడు సెలవులకి వస్తే నా పక్కలో పడుకుని చెవిలో పాడిన మనిషి. నేనేం తప్పు చేశానని వద్దంది అని ఏడ్చాను. తర్వాత నీ మీద అనుమానం వచ్చింది, నువ్వు అసలు అడగనే లేదని. నువ్వు అబద్ధం ఆడవు కదా అని మళ్ళీ నన్ను నేనే తిట్టుకున్నాను. అసిరమ్మతో నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. నమ్మితే నమ్ము.

బంగారికి వీపు పాఠం పెట్టాను.

నాలుగు వస్తువులు తీసుకున్నాం. అరటిపండు, నీళ్ళ సీసా, దువ్వెన, బంతి. ఒక చెక్కపెట్టె చేయించాం. దానికి ఒకవైపే కిటికీ. నరసింగరావు గారు నాకు తెలియకుండా ఒక వస్తువు అందులో పెట్టి పక్కకి తప్పుకుంటారు. లోపల ఏముందో బంగారికి కనిపిస్తుంది, నాకు కనిపించదు. నేను ఎదురుగా కూర్చుని అది చేసిన మొదటి సైగ చూసి రాసుకోవాలి. అంతే. నలభైసార్లు చేశాం.

పదకొండు సరిపోయాయి పెదనాన్నా. నాలుగు వస్తువుల్లో కళ్ళు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా పది సరిపోతాయి.

ఓడిపోయిందని కాదు నాకు బాధ. అది ఎలా చేసిందో చూడాలి నువ్వు. "అరటిపండు" అంటుంది. నా మొహంలోకి చూస్తుంది. నా మొహంలో ఏమీ ఉండదు, నాకే తెలియదు కదా. వెంటనే "నీళ్ళు" అంటుంది. మళ్ళీ చూస్తుంది. "దువ్వెన". మళ్ళీ చూస్తుంది. పెట్టెలోకి ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. అది నా మొహంలోనే వెతుక్కుంది, ధనరాజ్ నీ వీపు మీద వెతుక్కున్నట్టు. మధ్యలో నాకు ఏడుపొచ్చింది. నేను ఏడుస్తుంటే నాలుగు సైగలూ గబగబా వరసపెట్టి చేసింది, ఏదో ఒకటి నచ్చుతుందేమోనని.

అది నన్ను మోసం చెయ్యలేదు. నేనూ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఇన్ని నెలలూ నేను అడిగాను, దాని చేతులతో నేనే జవాబు చెప్పుకున్నాను. మా గైడుకి ఉన్నదున్నట్టు రాశాను. ఒక్క జంతువు ఓడితే జాతికంతటికీ మాట రాదని తేల్చలేం అన్నాడాయన, నిజమే. కానీ నా బంగారి దగ్గర నేను విన్నది నా గొంతే.

నరసింగరావు గారికి తాళం చెవి తిరిగిచ్చి క్షమించమన్నాను. ఆయన నవ్వి, "మాట రాకపోతే ఏటమ్మా, దానికి కావల్సింది అది సెప్తూనే ఉన్నాది. ఈపు గోకమని తిరుగుతాది, ఒద్దంటే ఇసిరికొడతాది. నువ్వడిగిందే సెప్పాలని కూకున్నావు గాబట్టి నీకు అగుపడ్నేదు" అన్నారు. సాయంత్రం ఏమీ అడగకుండా దాని దగ్గర కూర్చున్నాను. వచ్చి వీపు తిప్పి కూర్చుంది. గోకాను.

పెదనాన్నా, పెద్దమ్మ జంతువని నేనెప్పుడూ అనలేదు, అనను. అనుమానం పెద్దమ్మ మీద కాదు. నీ మీద, నా మీద. ప్రేమ ఉన్నచోట మన చెవులు మనల్నే వింటాయేమో. నీ ఉత్తరంలో ఒకటి చూశాను. పెద్దమ్మ అన్నిటికీ కాదనే అంది. ఒక్కదానికీ అవుననలేదు. పాటకి కూడానా? పెద్దమ్మ పాటకి కాదంటుందా?

ఒక్కసారి గోడకేసి తిరిగి కూర్చో. చెయ్యి నువ్వు పట్టుకోకు. అసిరమ్మని అడగనీ. ముందు జవాబు అందరికీ తెలిసినవి అడగమను, తర్వాత మిగిలినవి. అప్పుడు కూడా కాదంటే నేను మళ్ళీ విశాఖపట్నం పేరెత్తను. నాలుగు నెలలు నిండబోతున్నాయి.

తన్మయి


శ్రీకూర్మం,
15 సెప్టెంబరు 2024

అమ్మా తన్మయీ,

నీ ఉత్తరం చేరి తొమ్మిది రోజులైంది. మొదటిరోజు చించేద్దామనుకుని బీరువా మీద పడేశాను. రెండోరోజు నుంచి ఆ బంగారి నన్ను నిద్రపోనివ్వలేదు. ఏడుస్తున్న నిన్ను చూసి నాలుగు సైగలూ వరసపెట్టి చేసిందన్నావే, అదే కళ్ళముందు ఆడింది.

గురువారం పొద్దున్న అసిరమ్మని పిలిచి సంగతి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నాను అడిగితే, నువ్వు మజ్జలో తగులుకోకూడదు మరి" అంది. ఒప్పుకున్నాను. ఇత్తడి గిన్నె బోర్లించి మంచం మీద పెట్టి, మీ పెద్దమ్మ ఎడమచేతికి చెంచా ఇచ్చింది. నేను బయట వీధరుగు మీద గోడకేసి తిరిగి కూర్చున్నాను. చేతులు తువ్వాలు కింద పెట్టుకున్నాను. నలభయ్యేళ్ళు ఇతరులకి పరీక్ష పెట్టడానికి కూర్చున్నాను అలా. నాకు పరీక్ష అవుతుందనుకోలేదు.

"అమ్మా, నీ పేరు జగదీశ్వరేనా?" అంది అసిరమ్మ లోపల్నుంచి. గిన్నె ఒకసారి మోగింది.

"నాను నీ కూతుర్నా?" రెండుసార్లు మోగింది. ఆ రెంటి మధ్యా ఎంత ఎడం ఉందనుకున్నావు? రెండోసారి చెయ్యెత్తడానికి ఆమెకి ఎంత కష్టమో నాకు వినిపించింది. నా అరచేతిలో ఆ రెండో తట్టు ఎప్పుడూ వెంటనే, తాళంలో పడేది.

"ఇయ్యేళ లచ్చివారమేనా?" ఒకటి. "బయట వాన పడతన్నాదా?" రెండు. అన్నీ సరే.

అప్పుడు అడిగింది. "మాట నేర్సుకోడానికి ఇశాకపట్నం ఎల్తావేటమ్మా?"

ఒకటి మోగింది.

రెండోదాని కోసం ఆగాను. గిన్నె మోగలేదు గాని, తువ్వాలు కదిలింది. కింద చూసుకున్నాను. నా కుడిచెయ్యి వెల్లకిలా తిరిగి ఉంది.

అర్థమైందా? బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి. ఒక దెబ్బ పడ్డాక రెండోది వెయ్యకుండా నా చెయ్యి ఎన్నడైనా ఊరుకుందా? ఆమె ఒకటి తట్టేది. రెండోది నేను వేసేవాణ్ణి. అన్నం ముందు నా మణికట్టు పట్టుకుని ఆపే చెయ్యి పడిపోయింది. మిగిలిన ఆ ఒక్క చేతినీ నా చేతిలో పెట్టుకుని తాళం వేశాను. ఫోనుకి అవునంది, కాదని విన్నాను. పాటకి అవునంది. గుడికి అవునంది. నీ ఉత్తరానికి అవునంది. పైగా కసి తీర్చుకుంటోందని ఆమెనే అనుమానించాను. సిగ్గని రాశాను చూడు, ఆ సిగ్గు ఆమెది కాదు. నా భార్య అ ఆ లు దిద్దుకుంటుంటే పక్కన కూర్చోలేని నా సిగ్గు. అందుకే కాబోలు ఆ రెండో తట్టు నాకంత తొందరగా వినిపించింది.

నేను ఇంకా అరుగు మీదే ఉన్నాను. అసిరమ్మ ఊరుకుంటుందా? నేనేమీ చెప్పకుండానే ఇంకోటి అడిగేసింది. "అయ్యగోరి మీద కోపంగా ఉన్నాదా అమ్మా?"

గిన్నె ఒకటే మోగింది. గట్టిగా మోగింది. చెంచా జారి కింద పడిన చప్పుడు కూడా వినిపించింది.

లోపలికి వెళ్ళి మంచం దగ్గర నేల మీద కూర్చున్నాను. నా వైపు చూడలేదు. చూడకపోవడం న్యాయమే. చెంచా తీసి ఆమె చేతికిచ్చి, నీ మూడు ఉత్తరాలూ చదవనా అని అడిగి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఒకసారి మోగించింది. చదివాను. దువ్వెన పండు దగ్గర నోరు ఒకవైపుకి లాగింది. అది నవ్వేనని అసిరమ్మ అంది. నేను అనలేదు, ఇక అలాంటివి నేను చెప్పను.

ఫోను తెరిచాను. సోమవారం తెల్లవారుజామున వ్యానులో బయల్దేరుతున్నాం. అసిరమ్మ కూడా వస్తోంది. ఆరు నెలల్లో నెలా పదిహేను రోజులే మిగిలాయని నాకు తెలుసు, పోయిన రోజులు నేను తిన్నవని కూడా తెలుసు. మీ నరసింగరావు గారికి నా నమస్కారం చెప్పు. ఆ బంగారిని ఒకసారి నా తరఫున గోకు.

నీకొక మాట చెప్పి ముగిస్తాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాలుగు నెలల తొమ్మిది రోజుల తర్వాత మీ పెద్దమ్మ నాతో అన్న మొదటి మాట విన్నాను. నా మీద కోపంగా ఉందట. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న